మబ్బూరులో పొడిగింపు రోజులు

1వ రోజు

నా పని అనుమతి గడువు నిన్నటితో తీరింది. అయినా ఈ రోజు పనికి వెళ్ళాను.

పొడిగింపు కోసం నాలుగు నెలల కిందటే కాగితాలు పెట్టాను. ఇంకా జవాబు లేదు. జవాబు రాకుండానే గడువు తీరితే నూట ఎనభై రోజుల వరకు పని చేసుకోవచ్చని నిబంధన. ఆ తర్వాత కూడా జవాబు వచ్చేదాకా ఊళ్ళో ఉండనిస్తారు గానీ పని ముట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద షరతు ఒకటుంది. జవాబు వచ్చేలోగా ఒక్క గంట ఊరు దాటినా దస్త్రం మూసేస్తారు. శాశ్వత నివాసం కోసం పదకొండేళ్ళుగా నేను నిలబడ్డ వరుస కూడా దానితోనే పోతుంది.

అనుమతుల కార్యాలయం కౌంటర్‌లోని అమ్మాయి ఇదంతా ఓపికగా చెప్పింది. రోజులు రాసి పెట్టుకోండి, ఎప్పుడైనా అడగొచ్చు అంది. ఏ భాషలో రాసినా పర్వాలేదట.

అందుకని రాస్తున్నాను. పేరు సీతారత్నం, వయసు నలభై మూడు. పుట్టింది వేటపాలెంలో. శుక్రగ్రహం మబ్బుల్లో తేలే ఈ ఊరికి వచ్చి పన్నెండేళ్ళయింది. కాగితాల మీద దీని పేరు వేరే ఉంది. తెలుగువాళ్ళందరికీ ఇది మబ్బూరు.

నా పని అతుకులు వేయడం. ఊరంతా ఒక పెద్ద గుడ్డ బుడగలో ఉంటుంది. మేం పీల్చే గాలే బుడగని తేలుస్తుంది. బయట ఆమ్లం తుంపర పడి గుడ్డ అక్కడక్కడా పలచబడుతుంది. రబ్బరు సూటు తొడుక్కుని, నడుముకి తాడు కట్టుకుని బుడగ మీదకి దిగుతాను. వంటసోడా నీళ్ళతో తుడిచి, ఆరనిచ్చి, బంక రాసి, కొత్త గుడ్డ పరిచి అంచు కుడతాను. ఈ రోజు మూడు వేశాను. వెలుగు తేనెరంగులో ఉంది. కాళ్ళకింద మబ్బు ఎంతసేపటికీ అడుగు కనపడనివ్వలేదు.

30వ రోజు

ఈ రోజు దీపాలదిన్నె పక్కకి వచ్చింది.

అది ఇంకో ఊరు, మాలాంటి బుడగే. కొంచెం ఉత్తరాన వేరే గాలిలో పోతూ ఉంటుంది. గాలి రెండు ఊళ్ళనీ గ్రహం చుట్టూ తిప్పుతుంది కానీ ఒకే వేగంతో కాదు. అరవై నాలుగు రోజులకోసారి అవి ఒకదాని పక్కకి ఒకటి వస్తాయి. అప్పుడు నాలుగు గంటలపాటు పడవ నడుస్తుంది. పడవ అంటే గాలిలో పోయేదే. దాని పొట్టలో నలభైమంది పడతారు.

నా భర్త గురవయ్య దీపాలదిన్నెలో ఉంటాడు.

మేమిద్దరం కలిసే మబ్బూరు వచ్చాం. అనుమతి నాది. అతనికి ఇచ్చింది వెంటవచ్చినవారి కార్డు. ఆ కార్డు ఉన్నవాళ్ళు ఉండొచ్చు, తినొచ్చు, పని మాత్రం చేయకూడదు. తొమ్మిదేళ్ళు అలాగే ఉన్నాడు. వండేవాడు, గ్లవుజులు ఉతికేవాడు, నేను వచ్చే వేళకి తలుపు దగ్గర నిలబడేవాడు. మూడేళ్ళ కిందట దీపాలదిన్నెలో మబ్బునుంచి మంచినీళ్ళు తీసే పని దొరికింది. ఏడాదిలో నాకు శాశ్వత నివాసం వస్తుంది, అప్పుడు నిన్ను పనివాడిగానే పిలిపించుకుంటానని నేనే పంపించాను.

పడవరేవులో అద్దాల కిటికీ పక్కన రేడియో ఉంది. పావుగంట మాట్లాడనిచ్చారు. తిన్నావా అంటే తిన్నాను అన్నాడు. ఏం తిన్నావంటే చెప్పలేదు. అతని ఊరు మబ్బులోంచి గుండ్రంగా, మెల్లగా తేలి వచ్చింది. అందులో ఏ కిటికీ దగ్గర నిలబడ్డాడో చెప్పాడు గానీ అంత దూరానికి కిటికీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను మాత్రం ఒకదాన్ని ఎంచుకుని అదే అనుకుని చూశాను.

47వ రోజు

వరుస వెనక్కి జరిగింది.

మూడు నెలలకోసారి కార్యాలయం గోడ మీద ఒక నంబరు పెడతారు, అందాకా ఉన్నవాళ్ళకే శాశ్వత నివాసం. మనం పుట్టిన చోటుని బట్టి వరుస. మన చోటు వాళ్ళది చాలా పొడుగు. నా నంబరు నాలుగువేల నూట పద్దెనిమిది. కిందటిసారి గోడ మీద మూడువేల తొమ్మిదివందల రెండు ఉంది. ఈ రోజు చూస్తే మూడువేల ఆరువందల నలభై.

ఊరు మోయగలిగే బరువు మళ్ళీ లెక్కేశారట. తాత్కాలికంగా ఉన్నప్పుడూ నా బరువు ఇంతే కదా అని అడిగాను. కౌంటర్ అమ్మాయి కళ్ళు దించుకుంది. ఆమెని అడగకుండా ఉండాల్సింది.

71వ రోజు

మదార్ బీ అక్కకి కార్డు వచ్చింది.

అక్కది కర్నూలు. అరవై ఒక్కేళ్ళు. నాకు ఇక్కడ తాడు కట్టుకోవడం నేర్పింది ఆమే. పందొమ్మిదేళ్ళుగా వరుసలో ఉంది. మధ్యలో పని మారినందుకు ఒకసారి వరుస మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గోడ నంబరు వెనక్కి జరిగినా ఆమె నంబరు దానికన్నా నాలుగు తక్కువే. శాశ్వత నివాసి. ఇక పొడిగింపులు లేవు. ఊరు దాటినా తిరిగి రావచ్చు.

షెడ్డులో అందరం టీ తాగాం. అక్క కార్డుని రెండు వేళ్ళతో పట్టుకుని వెనకా ముందూ చూసింది. ఇప్పుడేం చేస్తావక్కా అని మేస్త్రి అడిగాడు. పడవెక్కుతానంది. ఎక్కడికి అంటే, ఎక్కడికీ లేదు, పోయి రావడానికే అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

94వ రోజు

మదార్ బీ అక్క నిజంగానే పడవెక్కింది. గురవయ్యకిమ్మని తోటలో పండిన గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టి ఇచ్చాను. పడవ గుడ్డరెక్కలు మెల్లగా ఆడిస్తూ మబ్బులోకి పోయింది. ఈ రేవులో ఇన్నేళ్ళుగా ఎన్ని పడవలు చూశానో. మనవాళ్ళు ఒకరున్న పడవ పోతుంటే మాత్రం గాలి తక్కువైనట్టు అనిపించింది.

తర్వాత రేడియో దగ్గరికి వెళ్ళాను.

"రత్నం, నాకు వచ్చింది," అన్నాడు గురవయ్య.

ఏం వచ్చిందో వెంటనే అర్థం కాలేదు. దీపాలదిన్నెలో నీళ్ళు తీసేవాళ్ళకందరికీ ఒక్కసారిగా శాశ్వత నివాసం ఇచ్చారట. మూడేళ్ళకే. భార్యనో భర్తనో కూడా అదే జాబితాలో చేర్చుకోవచ్చు. కాకపోతే మనిషి స్వయంగా వచ్చి కనపడాలి. వచ్చే పడవే ఆఖరు. నూట యాభై ఎనిమిదో రోజు.

నేను వెళితే ఇక్కడ దస్త్రం మూసేస్తారు. అక్కడ నాకిచ్చేది వెంటవచ్చినవారి కార్డు. ఎన్నేళ్ళు అని అడిగాను. ఏడేళ్ళు అన్నాడు. ఏడేళ్ళ తర్వాత పని చేసుకోవచ్చు.

"నిన్ను రమ్మని చెప్పట్లా," అన్నాడు. "వస్తే చేర్చుకుంటారని చెబుతున్నా. ఎట్లా ఉంటదో నాకు తెలుసు గదా."

మంచి వార్త కదా, సంతోషించాలి కదా అనుకున్నాను. సంతోషంగానే ఉందని చెప్పాను. పావుగంట అయిపోయింది.

95వ రోజు

అక్క నిన్న చివరి పడవలో తిరిగి వచ్చింది. ఈ రోజు తాడు మీద పక్కపక్కనే పని చేస్తున్నప్పుడు సూటు రేడియోలో అడిగాను, ఎలా ఉందని.

"పోయినా, వచ్చినా. అంతే మ్మే. ఎవురూ అడ్డం పడల్యా," అంది.

కాసేపు బంక రాసింది. మళ్ళీ తనే మొదలుపెట్టింది. గురవయ్య కాస్త ఒళ్ళు చేశాడట. పచ్చడి అక్కడే మూత తీసి వేలితో నాకాడట. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉందట.

"దారెంబడి పోతాంటే గురవయ్యా అని ఒగరు, గురవయ్యగారూ అని ఒగరు. ఈడ తొమ్మిదేండ్లుండె గదా, ఆయప్ప పేరు ఎంతమందికి తెలుసు? నాకే తెల్దు. రత్నం మొగుడు అంటాంటి."

ఆ తొమ్మిదేళ్ళలో షెడ్డు వాళ్ళు ఎవరైనా అతన్ని పేరు పెట్టి పిలిచారా అని అతుకు పూర్తయ్యేదాకా గుర్తు చేసుకున్నాను. ఒక్కరూ గుర్తు రాలేదు. ఇంట్లో నేను కూడా ఏమయ్యా అనేదాన్ని.

121వ రోజు

పదిహేను రోజుల కిందట కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. జవాబు కాదు, ప్రశ్న. ఈ పనిని ఊళ్ళోని శాశ్వత నివాసులు చేయలేరని రుజువు చూపాలి. మేస్త్రి రెండు పేజీలు రాసి ఇచ్చాడు. నాలాంటి అతుకు ఊళ్ళో ఇద్దరే వేయగలరని, రెండో మనిషికి అరవై దాటాయని రాశాడు. అది చాలలేదు. పరీక్షకు రమ్మన్నారు.

నిన్న వెళ్ళాను. బల్ల మీద పాత గుడ్డ ముక్క పెట్టి అతుకు వేయమన్నారు. పరీక్షాధికారి ముసలాయన. భూతద్దం కంటికి పెట్టుకుని అంచు చూశాడు. రెండు చేతులతో గుంజాడు, రాలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా అమ్మ మగ్గం మీద తెగిన పోగులు ముడేసేది, ఆరేళ్ళప్పటి నుంచి పక్కన కూర్చుని నేనూ వేసేదాన్ని అన్నాను. మగ్గం అంటే ఏమిటో ఆయనకి చెప్పాల్సి వచ్చింది. విని, ఏదో రాసుకుని, వెళ్ళవచ్చన్నాడు.

బయటికి వచ్చేసరికి ఊరు చీకటివైపు నుంచి వెలుగులోకి తిరుగుతోంది. రెండు రోజుల చీకటి తర్వాత వచ్చే ఆ మొదటి వెలుగు గుడ్డలోంచి వడకట్టినట్టు దిగుతుంది. వీధిలో అందరూ కొంచెంసేపు ఆగి ముఖాలు పైకెత్తుతారు. నేనూ ఎత్తాను.

149వ రోజు

కొన్నాళ్ళుగా నిద్రలో వెళ్ళిపోతున్నాను. పడవలో కూర్చుంటాను, అది దీపాలదిన్నె చేరుతుంది, తలుపు తీస్తే మళ్ళీ మబ్బూరే ఉంటుంది. రెండుసార్లు ఇదే కల.

ఈ రోజు టీ తాగేటప్పుడు అక్కతో చెప్పాను. వెళ్ళడం లేదని.

పైకి అనేదాకా నాకూ తెలియదు. గురవయ్య దగ్గర ఉండాలని ఉంది. అది లేదని ఏ కాగితం మీదా రాయలేను. కానీ ఏడేళ్ళు తలుపు దగ్గర నిలబడటం నా వల్ల కాదు. అతను నిలబడ్డాడు కదా, నేనెందుకు నిలబడలేనని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ప్రతిసారీ సిగ్గేసింది. సిగ్గుపడ్డాక కూడా జవాబు మారలేదు.

అక్క గ్లాసు కింద పెట్టింది. ఆమె భర్త కర్నూలులోనే పోయాడు. వరుసలో ఉన్నందువల్ల వెళ్ళలేకపోయింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారే చెప్పింది.

"ఆయప్పకు నోటితో చెప్పు," అంది. "కాగితమ్ముక్క పంపీకు."

ఊళ్ళ మధ్య మబ్బు రేడియో మాటల్ని తినేస్తుంది. వారానికి పది మాటల సందేశం ఒకటి మాత్రం పోతుంది. పది మాటల్లో దీన్ని చెప్పలేను. నూట యాభై ఎనిమిదో రోజున, ఊళ్ళు దగ్గరికి వచ్చాక, రేడియోలో చెబుతాను.

158వ రోజు

చేతులూపుకుంటూ రేవుకి వెళ్ళాను. రేడియో దగ్గర నా వంతు వచ్చింది. గురవయ్యని పిలవమన్నాను. లేడు అన్నారు అవతల. మళ్ళీ చూడమన్నాను. రేవులో లేడమ్మా అన్నారు. పావుగంటలో పది నిమిషాలు అలాగే గడిచాయి. కోపం వచ్చిందేమో అనుకున్నాను. లేక, నేను బయల్దేరిపోయానని నమ్మి అక్కడ గది ఊడ్చుకుంటున్నాడేమో అనుకున్నాను. ఆ ఊహ అతని కోపంకన్నా ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు మొదటి పడవ వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో నాలుగోవాడు గురవయ్య.

శాశ్వత నివాసులు తిరగొచ్చు కదా. మదార్ బీ అక్క విషయంలో తెలిసిందే అతని విషయంలో నాకు తట్టలేదు. రేవులో ఊరి హద్దు గీత అవతల నిలబడి ముందు నా చేతులవైపు చూశాడు.

"సంచి తేలా?" అన్నాడు.

లేదన్నాను.

"నువ్వు సంచితో ఉంటే ఇదే పడవలో ఇద్దరం వెనక్కి పోదామనుకున్నా. లేకపోతే ఇక్కడే ఆగుదామనుకున్నా." కిందపెట్టిన సంచి మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. "ఆగుతా అయితే. అరవై నాలుగు రోజులు సెలవు పెట్టా."

నేను చెప్పాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. గురవయ్యా అని పిలిచాను. అతను నా వైపు వింతగా చూసి, గీత దాటాడు.

జాబితా ఈ సాయంత్రం మూసేశారు. నా పేరు అందులో లేదు. దీపాలదిన్నెలోనే మామూలు వరుసలో పేరు పెట్టొచ్చంట, తొమ్మిదేళ్ళు పడుతుందంట. ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని ఆ కాగితం నింపాం.

181వ రోజు

నూట ఎనభై నిన్నటితో అయిపోయాయి. జవాబు రాలేదు. సూది, బంకడబ్బా, తాడు మేస్త్రికి అప్పగించాను. ఆయన వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా ముందే గోడకి తగిలించాడు, ఎప్పుడైనా తీసుకునేటట్టు.

ఇంటికి వచ్చి కూర్చున్నాను.

186వ రోజు

కూర్చోవడం రావడం లేదు.

ఉదయం గ్లవుజులు లేకుండానే సోడా నీళ్ళు కలిపాను. పారబోశాను. గోడలు తుడిచాను. కిటికీలోంచి బుడగ మీద ఎవరిదో తాడు కదులుతుంటే ఏ ముక్క అతుకుతున్నారో అని మెడ సాచి చూశాను. మధ్యాహ్నానికి వంటింట్లో గురవయ్య మీద అరిచాను. ఉల్లిపాయలు లావుగా తరిగాడని.

అతను కత్తి పక్కన పెట్టాడు. నా పక్కన నేలమీద కూర్చున్నాడు.

"రోజుని చిన్నచిన్న ముక్కలు చేసుకో," అన్నాడు. "మొత్తం ఒకేసారి చూడబాక. ముందు టీ. టీ అయ్యేదాకా ఇంకేం లేదు. తర్వాత బియ్యం ఏరటం. అవి ఏరేదాకా ఇంకేం లేదు."

"తొమ్మిదేళ్ళు ఇట్లానే చేశావా?"

"మొదటి ఏడాది నాకూ రాలా. కిటికీ దగ్గర నిలబడి నీ తాడు ఏదో వెతికేవాణ్ణి."

నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను. నువ్వు అలిసిపోయి వచ్చేదానివి అన్నాడు. బియ్యం పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టాడు. ఇద్దరం ఏరాం. ఈ ఊళ్ళో బియ్యంలో రాళ్ళు ఉండవు. అయినా ఏరాం.

నిజం చెప్పాలంటే, పన్నెండేళ్ళలో నా మొగుడితో అంత నిదానంగా కూర్చున్న రోజు ఇంకొకటి లేదు. వెలుగు గది ఈ మూల నుంచి ఆ మూలకి పాకింది. మేం కదల్లేదు.

203వ రోజు

పొడిగింపు మంజూరైంది.

మూడేళ్ళు. కానీ ఆ మూడేళ్ళు పాత గడువు తీరిన రోజు నుంచే మొదలవుతాయి. అంటే దాదాపు ఏడు నెలలు అప్పుడే అయిపోయాయి. ఇంకో రెండేళ్ళకి మళ్ళీ కాగితాలు పెట్టుకోవాలి. కౌంటర్ అమ్మాయి కాగితం ఇస్తూ నవ్వింది, ఈసారి కళ్ళు దించుకోలేదు. గోడ మీద నంబరు మూడువేల ఆరువందల తొంభై.

ఇప్పుడు నా దగ్గర రెండు వరుసలున్నాయి. ఇక్కడ నా పేరు మీద ఒకటి, అక్కడ గురవయ్య పేరు మీద ఒకటి. ఏది ముందు వస్తే అదని అతను అన్నాడు. ఏదీ ముందు రాకపోతే అన్నాను. అరవై నాలుగు రోజులకి ఊళ్ళెలాగూ వస్తాయి కదా అన్నాడు.

మధ్యాహ్నం షెడ్డుకి పోయి సామాను తీసుకున్నాను. రెండు అతుకులు వేశాను. మొదటి దాని అంచు కొంచెం వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టాను.

222వ రోజు

గురవయ్య సెలవు అయిపోయింది.

పొడిగింపు దస్త్రం ఇప్పుడు నడవడం లేదు, పైగా అదే రోజు తిరిగి వస్తే ఊరు దాటొచ్చని కొత్త అనుమతిలో ఈసారే రాశారు. అతనితో పాటు పడవెక్కాను. పన్నెండేళ్ళలో మొదటిసారి. రేవు గీత దాటుతుంటే కాళ్ళు ఆగాయి. గురవయ్య చెయ్యి పట్టుకోలేదు, ఆగాడంతే, నేను దాటేదాకా.

అవతల పడవ ముప్పావుగంట ఆగింది. నన్ను నీళ్ళ షెడ్డుకి తీసుకెళ్ళాడు. పొడుగాటి తెరల మీదకి మబ్బు వచ్చి తగిలి, బొట్లుబొట్లుగా కిందికి జారుతోంది. వాటిని కాచి, శుద్ధిచేసి తాగే నీళ్ళు చేస్తారు. అక్కడి వాళ్ళు గురవయ్యా గురవయ్యా అంటూ చుట్టూ చేరారు. ఎవరో నీ భార్యా అని అడిగారు.

"సీతారత్నం," అన్నాడు. "మబ్బూరు బుడగకి అతుకులు వేసేది ఈమే."

వాళ్ళు నాకు ఒక గ్లాసు నీళ్ళిచ్చారు. తాగాను. చల్లగా ఉన్నాయి. బాగున్నాయని చెప్పాను. గురవయ్య ముఖం నేను ఇంటిదగ్గర ఎన్నడూ చూడనంతగా విప్పారింది.

రేవులో, అరవై నాలుగు అన్నాడు. అరవై నాలుగు అన్నాను.

తిరుగు పడవలో కిటికీ పక్కన కూర్చున్నాను. మబ్బు విచ్చుకుని మబ్బూరు కనపడింది. ఊరిని బయటినుంచి నేనెప్పుడూ చూడలేదు. వచ్చినప్పుడు చీకటివైపు దిగాం. ఇంత చిన్నదా అనిపించింది. పసుపు వెలుగులో, దేనికీ ఆనకుండా, దానంతటది నిలబడి ఉంది.

ఈ పన్నెండేళ్ళలో నేను దాదాపు మూడువేల అతుకులు వేసి ఉంటాను. బయటినుంచి చూస్తే తెలుస్తాయనుకున్నాను. తూర్పు భుజం మీద నిన్ననే వేసిన పెద్దది ఉండాలి. కింద, తోట దగ్గర, మదార్ బీ అక్కా నేనూ కలిసి వేసిన వరుస ఉండాలి. అద్దానికి నుదురు ఆనించి చూశాను. ఎక్కడా అంచు లేదు, రంగు తేడా లేదు. ఏది మొదటి గుడ్డో, ఏది నా గుడ్డో వేసినదాన్ని నాకే తెలియలేదు.

పడవ రేవుకి తగిలేదాకా వెతుకుతూనే ఉన్నాను.